దాచే రంగు - చూపే రంగు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. కట్టిన ఇంటిని బాగుచేయించి చూడు అని మాత్రం అనలేదు. ఆ రోజులలో ఆ అవసరం అంతగా వుండేది కాదు కాబోలు. పెంకు జారితే సర్దుకొనేవారు. గోడ పెచ్చు వూడితే మెత్తి సున్నం కొట్టేవారు. అంతటితో మరమ్మతు ముగిసేది. నేటి సంగతి వేరు. పాతికేళ్ల కిందట లేచిన అంతస్తుల ఇళ్లు ఒకదాని వెంట ఒకటిగా మరమ్మతుకు వస్తున్నవి. వాటిలోనూ మొదట మేస్త్రిని పిలిపించేది స్నానాలగది. గోడలోని గొట్టం కారుతుంది; కింది వాటా కప్పు చెమ్మగిల్లుతుంది; వారు పైకి వచ్చి తలుపు తడతారు. పాత పలకలు పగిలి బస్తాలకెక్కిన సాయంత్రమే ఆ ఇంట ఒక ప్రశ్న పుడుతుంది: కొత్త పలకలు ఏ రంగువి వేయాలి?

దేశంలో ఇన్ని సమస్యలు వుండగా స్నానాలగది పలకల రంగు గురించి పత్రికలో చర్చ ఏమిటని కొందరు నవ్వవచ్చు. నవ్వదగిన విషయమే అయితే నవ్వి వూరుకోవచ్చును. కాని మనిషి రోజూ చెప్పులు లేకుండా, కళ్లజోడు తీసి, తడి నేలపై, తలుపు గడియ వేసుకొని ఒంటరిగా నిలిచే చోటు ఇంటిలో అది ఒక్కటే. అక్కడ కాలు జారితే పట్టుకొనడానికి ఎవరూ వుండరు. అట్టి చోటికి రంగు ఎన్నుకొనడం అలంకారానికి సంబంధించిన విషయం మాత్రమే అనుకొనడం పొరపాటు.

విజయవాడలో బెంజ్ సర్కిల్ ఎరుగనివారు వుండరు. చెన్నై నుంచి కోల్‌కతాకు పోయే 16వ నంబరు జాతీయ రహదారి, హైదరాబాదు మీదుగా బందరుకు పోయే 65వ నంబరు రహదారి అక్కడ కలుసుకొంటున్నవి. పొద్దుపొడుపు మొదలు నడిరేయి దాకా ఆ కూడలికి విశ్రాంతి లేదు. దాని చుట్టుపట్ల, అక్కడినుంచి సాగే రహదారుల వెంబడి, గృహనిర్మాణ సామగ్రి అమ్మే దుకాణాలు అనేకం. పటమట వారు, గుణదల వారు, కృష్ణలంక వారు, ఇంకా పైవూళ్ల వారు పలకల కోసం ఈ దారినే పోతూ వుంటారు. గుజరాతులోని మోర్బీ కొలుములలో కాలిన పలకలు లారీలకెక్కి ఈ రహదారుల మీదుగానే వస్తున్నవి. దుకాణంలో గోడ పొడుగునా అద్దంలా మెరిసే పలకలు నిలబెట్టి, పైనుంచి పట్టపగలును మించిన దీపాలు వెలిగించి వుంటారు. ఆ వెలుగులో చెడ్డ రంగు అంటూ ఏదీ కనిపించదు.

అట్టి దుకాణానికి ఒక కుటుంబం వచ్చినదని ఊహిద్దాం. విశ్రాంతి తీసుకొన్న ఉపాధ్యాయుడు ఒకరు. ఆయన కొడుకూ కోడలూ. బడిలో చదువుకొనే మనుమరాలు. ఆయన తల్లి, ఎనభై ఏళ్ల వృద్ధురాలు, ఇంటి వద్ద వున్నది. ఎండలో ఇంత దూరం ఎందుకని ఆమెను తీసుకొని రాలేదు. కొడుకు బూడిదరంగు పలక చూపిస్తాడు. పెద్ద హోటళ్లలో అదే వున్నదంటాడు. కోడలికి తెలుపు ఇష్టం. గది విశాలంగా కనిపిస్తుందంటుంది. మనుమరాలు సముద్రపు నీలం కావాలంటుంది. పెద్దాయన ధర అడుగుతాడు. వాదం ముదిరే సమయానికి దుకాణదారు చిరునవ్వుతో ముందుకు వచ్చి, గచ్చకాయరంగు మచ్చల పలక ఒకటి తీసి, "ఇది తీసుకోండి బాబుగారూ, మురికి కనపడదు" అంటాడు. అందరూ ఒప్పుకొంటారు. నేలకూ గోడకూ అదే. బేరం కుదురుతుంది.

"మురికి కనపడదు" అన్న ఆ ఒక్క మాటలోనే చిక్కంతా వున్నది. దుకాణదారు అబద్ధం చెప్పలేదు. ఆ పలక మీద నిజంగానే మురికి కనపడదు. కాని కనపడకపోవడం వేరు, లేకపోవడం వేరు. సబ్బు జిడ్డు, పాచి, చిందిన నూనె, నిలిచిన నీరు అన్నీ దాని మీద వుంటాయి. కంటికి మాత్రం అందవు. రంగులు రెండు జాతులు: ఉన్నదానిని దాచేవి, ఉన్నదానిని చూపేవి. పండుగనాటి చీరకూ, ముందుగది తెరకూ దాచే రంగు తగవచ్చును. స్నానాలగదికి తగినది చూపే రంగు. నేల ఎక్కడ ముగిసి గోడ ఎక్కడ మొదలయినదో, మెట్టు అంచు ఎక్కడ వున్నదో, నీరు ఎక్కడ నిలిచినదో, పాచి ఎక్కడ పుట్టినదో ఆ రంగు చెప్పాలి.

ఈ చిక్కు పూర్వులకు లేకపోవడానికి కారణం వున్నది. కృష్ణా డెల్టా పల్లెలలో స్నానం ఒకప్పుడు పెరటి పని. బావి పక్కన నాపరాళ్లు పరచిన చప్టా. దాని పక్కన నీళ్ల గాబు. కాస్త ఎడంగా రాళ్ల పొయ్యి మీద వేడినీళ్ల కాగు. ఆడవారి చాటుకు నాలుగు తడికలు. కాలువగట్టు వూళ్లలో రేవే స్నానశాల. ఆ చప్టా ఏ రంగుదని ఎవరూ అడుగలేదు. పైన సూర్యుడు వున్నాడు. రాతి మీద పాచి పట్టితే పచ్చగా కనిపించేది. కనిపించిన నాడే ఇంటి ఇల్లాలు కొబ్బరిపీచు పుచ్చుకొని తోమేది.

తరువాత స్నానం ఇంటిలోనికి వచ్చి పడకగది పక్కకు చేరింది. దానివల్ల మేలే జరిగింది. చీకటితో లేచి తడికల చాటున వణుకుతూ నీళ్లు పోసుకొనే బాధ ఆడవారికి తప్పింది. వానలో పెరటికి పోయే అవస్థ వృద్ధులకు తప్పింది. కాని వస్తూ వస్తూ స్నానం తన వెలుగును పెరటిలోనే వదలివచ్చింది. నాలుగు గోడలు, ఎత్తున జానెడు కిటికీ, ఒక విద్యుద్దీపం: నేటి అంతస్తుల ఇళ్లలో స్నానాలగది అంటే ఇంతే. సూర్యుడు చేసిన పనిని ఇపుడు పలక చేయవలసి వున్నది.

వెలుగు కరవైన చోట పలకను సహాయానికి పిలవడం కొత్త సంగతి కాదు. 1900లో పారిస్ నగరంలో నేల కింద రైలుమార్గం తెరచినపుడు, ఆనాటి విద్యుద్దీపాల వెలుగు చాలదని ఎరిగి, స్టేషన్ల గోడలకూ కప్పులకూ అంచులు చెక్కిన తెల్లని మెరుపు పలకలు తాపించారు. ఉన్న కొద్దిపాటి వెలుగును అవి నాలుగు వైపులకూ చిమ్మేవి. ఆ తెలుపును అందం కోసం కాక అవసరం కోసం ఎన్నుకొన్నారు.

అయితే తెలుపే అన్నిటికీ మందు అనుకొనరాదు. ఆసుపత్రులు కూడా ఒకప్పుడు అట్లే అనుకొన్నవి. శస్త్రచికిత్స చేసే గదిలో గోడలు తెలుపు, బట్టలు తెలుపు, నేల తెలుపు. ఎర్రని గాయం నుంచి కన్ను పైకెత్తిన వైద్యునికి ఆ తెలుపు మిరుమిట్లు గొలిపేది. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో, సెయింట్ లూక్స్ ఆసుపత్రిలో, హారీ షెర్మన్ అనే శస్త్రవైద్యుడు 1914 ప్రాంతాన తన గదికి ఆకుపచ్చ రంగు వేయించాడు. కంటికి అలసట తగ్గింది. చూడవలసినది స్పష్టంగా కనిపించింది. నేడు లోకమంతటా శస్త్రచికిత్స గదులలో పచ్చని, నీలి బట్టలు కనిపిస్తున్నవంటే దానికి మూలం ఈ వివేకమే. శుభ్రతకు గుర్తు అని నెత్తిన పెట్టుకొన్న రంగునే, పనికి అడ్డు వచ్చినపుడు ఆ వైద్యుడు పక్కకు నెట్టగలిగాడు.

స్నానాలగదిలో నేలా గోడా తొట్టీ గడపా అన్నీ తెలుపే అయితే జరిగేది అదే. పడుచువారి కన్ను ఎట్లాగో సర్దుకొంటుంది. వృద్ధుల కన్ను సర్దుకొనలేదు. వయసుతోపాటు కంటిలోని కటకం పసుపు తిరుగుతుంది, కనుపాప చిన్నదవుతుంది. ఇరవై ఏళ్ల కంటి లోపలికి చేరే వెలుగులో సుమారు మూడవ వంతు మాత్రమే అరవై ఏళ్ల కంటి లోపలికి చేరుతుందని దృష్టిశాస్త్రజ్ఞులు లెక్కకట్టారు. శుక్లం తోడయితే చెప్పనక్కరలేదు. అట్టి కంటికి తెలుపూ లేతపసుపూ ఒక్కటే. నీలమూ ఆకుపచ్చా దాదాపు ఒక్కటే. తెల్లని నేల మీది తెల్లని మెట్టు ఆమె దృష్టిలో లేనే లేదు. ఆ మెట్టు వున్నదన్న సంగతి కాలికి తగిలిన తరువాత గాని తెలియదు.

తరువాతి కథ వీధివీధిలోనూ తెలిసినదే. తుంటి ఎముక విరుగుతుంది. నెల కిందటి వరకు తన పని తాను చేసుకొన్న మనిషి మంచానికి అంటుకొంటుంది. పడిపోవడంవల్ల ప్రపంచంలో ఏటా 6,84,000 మంది మరణిస్తున్నారని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2021లో ప్రకటించింది. ప్రమాదవశాత్తు తగిలే గాయాలవల్ల కలిగే మరణాలలో రోడ్డు ప్రమాదాల తరువాతి స్థానం దీనిదే. అట్లు మరణించేవారిలో అరవై ఏళ్లు దాటినవారే అధికం. పడినవారందరూ రంగువల్లనే పడినారని ఎవరూ అనరు. మోకాళ్ల బలహీనత, మందుల మత్తు, రక్తపుపోటు ఇవన్నీ కారణాలే. కాని వాటిని ఆపడం వైద్యునికే కష్టం. మెట్టు అంచుకు వేరే రంగు వేయడం ఎవరికి కష్టం?

ఇక్కడ ఒక మెలకువ అవసరం. రెండు రంగులు వేరయినంత మాత్రాన చాలదు; ఒకటి లేతగా, ఒకటి ముదురుగా వుండాలి. ఎరుపు నేల, ఆకుపచ్చ గోడ వేసి తేడా వున్నదిగదా అని సంతోషించేవారు జాన్ డాల్టన్‌ను తలచుకొనాలి. పరమాణు సిద్ధాంతంతో పాఠ్యపుస్తకాలకెక్కిన ఆ ఇంగ్లండు ఉపాధ్యాయునికి అందరికీ కనిపించే కొన్ని రంగుల భేదం కనిపించేది కాదు. తన చూపులోని ఆ లోపాన్ని 1794లో తానే శాస్త్రరీత్యా వివరించాడు. అట్టి చూపు గలవారు ప్రతి వూరిలోనూ వున్నారు. వారిలో మగవారే ఎక్కువ. రెండు పలకలను పక్కపక్కన పెట్టి చేతిఫోనులో నలుపు-తెలుపు ఛాయాచిత్రం తీస్తే సత్యం బయటపడుతుంది. ఆ చిత్రంలో రెండూ ఒకే బూడిదగా వస్తే, అవి ఎన్ని రంగులు ఒలకబోసినా వృద్ధుల కంటికి ఒక్కటే.

దుకాణంలో చూసి ఎన్నుకొనడంలో మరికొన్ని మోసాలు కలవు. వాటికి దుకాణదారును నిందించి ప్రయోజనం లేదు. అవి కంటి స్వభావంలోనే వున్నవి. పారిస్‌లోని గోబెలిన్ నేతశాలకు అద్దకాల పర్యవేక్షకుడుగా వున్న షెవ్రూల్ అనే రసాయనశాస్త్రజ్ఞుని వద్దకు, నల్ల నూలు సరిగా నల్లగా లేదని ఫిర్యాదు వచ్చినదట. పరీక్షించగా నలుపులో లోపం కనిపించలేదు. దాని పక్కన నేసిన రంగులు దానిని వెలవెలబోయేట్లు చేస్తున్నవని తేలింది. ఆ పరిశోధన అంతా ఆయన 1839లో పెద్ద గ్రంథంగా ప్రకటించాడు. దుకాణం గోడపై నూరు రంగుల నడుమ మెరిసిన పలక, ఇంటి గోడపై ఒంటరిగా నిలిచినపుడు వేరే రంగుగా కనిపించడంలో ఆశ్చర్యం లేదు.

పొరుగు రంగు చేసే మోసం అది. దీపం చేసే మోసం మరొకటి. ఒక దీపం కింద ఏకమై కనిపించిన రెండు రంగులు మరో దీపం కింద విడిపోతాయి. వెలుగు సన్నగిల్లినపుడైతే రంగుల బలాబలాలే తారుమారవుతాయి. యాన్ పుర్కిన్యే అనే చెక్ శాస్త్రజ్ఞుడు 19వ శతాబ్ది మొదటి పాదంలో దీనిని గమనించాడు. పగలు ధగధగలాడే ఎరుపు మసక వెలుగులో నలుపుకు తిరుగుతుంది. నీలం, ఆకుపచ్చ నిలిచి వుంటాయి. విద్యుత్తు పోయిన రాత్రి స్నానాలగదికి వెళ్లేవారికి ముదురు ఎరుపు నేల నల్లని గోతి వలె తోచవచ్చును. కనుక పలక ముక్క ఒకటి ఇంటికి తెచ్చి, ఆ గదిలోనే, ఉదయం ఒకసారి, దీపం పెట్టి ఒకసారి, దీపం ఆర్పి ఒకసారి చూడాలి. ముఖ్యంగా నీళ్లు పోసి చూడాలి. ఆ పలక తన ఆయుష్షులో సగం తడిగానే గడపబోతున్నది.

ఈ పాఠం కోసం దూరదేశాలకు పోనక్కరలేదు. బెంజ్ సర్కిల్ నుంచి బందరు రోడ్డు పట్టుకొని సముద్రం వైపు సాగితే, బందరుకు సమీపాన పెడన వున్నది. అక్కడి కలంకారీ అద్దకంవారు కరక్కాయ పట్టించిన బట్ట మీద పటిక నీళ్లతో అచ్చు వేస్తారు. అచ్చు వేసినపుడు అది ఎరుపు కాదు. పూర్వం చిరివేరుతో, తరువాతి కాలంలో అలిజరిన్‌తో కలిపి కాగులో ఉడికించినపుడు గాని పటిక పడిన చోట ఎరుపు బయటికి రాదు. అటుపై కాలువ పారుడు నీటిలో బట్టను జాడిస్తారు. నిప్పునూ నీటినీ ఎండనూ దాటి నిలిచినదే వారి దృష్టిలో రంగు. దుకాణపు దీపం కింద పొడి పలకను చూసి తలవూపే గృహస్థునికీ, ఆ అద్దకపు మనిషికీ నడుమ దూరం అరవై డెబ్బై కిలోమీటర్లు కాదు, చాలా ఎక్కువ.

నీటి సంగతి కూడా ఆలోచించాలి. గొట్టపుబావి నీటిలో లవణాలు అధికమైతే, ఆరిన ప్రతి బొట్టూ నల్లని పలక మీద తెల్లని చుక్కగా మిగులుతుంది. ఇనుము వున్న నీరు తెల్లని పలక మీద తుప్పు చార దించుతుంది. ఆ మరకలు పోవడానికి యాసిడు పోస్తే మరకతోపాటు పలకల సందులలోని సిమెంటు కూడా పోతుంది. ఆ సందు గుండా నీరు కింది వాటాకు దిగుతుంది. మళ్లీ మొదటి కథే. ఇంటికి వచ్చే నీరు ఎట్టిదో తెలుసుకొనకుండా పలక రంగు నిర్ణయించడం రోగిని చూడకుండా మందు రాయడం వంటిది.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం ప్రాంతాలను ముంచింది. కృష్ణ ప్రకాశం బ్యారేజీ వద్ద 11 లక్షల క్యూసెక్కులకు మించి పారింది. నీరు తీసిన తరువాత ఇండ్లలో మిగిలినది బురద. ముంపు ఇంటిని శుద్ధిచేసేటపుడు లేత గోడ ఎంత ఎత్తు వరకు కడగాలో గీత గీసి చెబుతుంది. మచ్చల పలక ఏమీ చెప్పదు. అది కడిగినట్లే వుంటుంది, కడగనట్లూ వుంటుంది. వరద ఎరిగిన వూరిలో ఈ భేదం చిన్నది కాదు.

దాచే రంగును కోరేవారి వాదం కూడా వినాలి. ఇంటెడు చాకిరీ చేసే ఇల్లాలు, ఉదయం వంట చేసి తానూ బడికో కార్యాలయానికో పరుగెత్తే ఇల్లాలు, గంటకొకసారి నేల తోమలేదు. ప్రతి చుక్కా కనిపించే పలక వేసి ఆమెను దానికి బానిసను చేయడం న్యాయమా అని వారు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కాని చాకిరీకి మూలం మురికి. దానిని చూపే రంగుపై కోపం తగదు. పాచి మొదటి రోజున కనిపిస్తే చీపురుతో పోతుంది. నెల తరువాత కాలికి తగిలితే యాసిడుతో గాని పోదు. చూపే రంగు పని పెంచదు, సకాలంలో చేయిస్తుంది. అంతేకాదు, మురికి అందరికీ కనిపించే ఇంటిలో దానిని కడిగే బాధ్యత కూడా అందరికీ కనిపిస్తుంది. మురికి దాగినంతకాలం అది ఇల్లాలి ఒక్కదాని పని. బయటపడితే భర్తకూ పిల్లలకూ చీపురు ఎక్కడ వున్నదో తెలియకపోదు.

చిన్న గదికి లేత రంగు విశాలత నిస్తుందన్న కోడలి మాట సత్యమే. దానికి గోడలు లేతగా వుంటే చాలును; నేల కూడా కరగిపోనక్కరలేదు. వాస్తు ననుసరించి రంగు కోరేవారు వున్నారు. వారు కోరిన రంగులోనే లేత, ముదురు ఛాయలు రెండు తీసుకొంటే వారి విశ్వాసానికీ లోపం లేదు, ముసలివారి కాళ్లకూ ముప్పు లేదు. ఇక హోటలులో వున్నదన్న వాదం. హోటలులో అతిథి రెండు రాత్రులు వుంటాడు, అమ్మమ్మ వుండదు.

ఈ విచారణ అంతా ఆచరణలోకి దించితే ఆ కుటుంబం చేయవలసినది కొద్దిపాటిది. గోడలకు లేత రంగు, నునుపైన పలక. కడగడం సులువు, వెలుగు నిలుస్తుంది. నేలకు గోడకంటె స్పష్టంగా ముదురైన, మచ్చలు లేని, ఒకే వర్ణపు గరుకు పలక. మరీ నలుపు వద్దు. గడపకూ మెట్టు అంచుకూ నేలతో కలవని మూడవ రంగు ఒక్క వరుస. చేతికి ఆసరాగా బిగించే కడ్డీ గోడ రంగులో కలిసిపోకుండా వుండాలి. సందులు నింపే పూతకు తెలుపు తగదు. నెల తిరగకముందే నల్లబడుతుంది. పలకకు దగ్గర ఛాయ మేలు. కొనేటపుడు పెట్టెల మీది ఛాయ నంబరు అన్నిటికీ ఒకటేనా అని చూడాలి. రంగునిచ్చే లోహభస్మాలు ఒకటే అయినా కొలిమి వేడిలో ఒక వాయికీ మరో వాయికీ ఛాయ మారుతుంది. కనుక అదే నంబరువి ఒకటి రెండు పెట్టెలు అధికంగా తీసుకొని అటక మీద దాచితే రేపటి మరమ్మతుకు పనికివస్తాయి. వీటిలో దేనికీ పెద్ద ఖర్చు లేదు. ఖర్చల్లా ఒక్కటే: దుకాణానికి వెళ్లే ముందు ఆ వృద్ధురాలి పక్కన కూర్చుని, "అమ్మా, నీకు ఏది కనిపిస్తున్నది?" అని అడగడం.

ఇంటికి చెప్పిన మాట బడికి మరింత వర్తిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ప్రారంభమైన నాడు-నేడు కార్యక్రమంలో పాఠశాలలకు సమకూర్చదలచిన సదుపాయాలలో నీటి వసతి గల మరుగుదొడ్లు ఒకటి. పెద్ద సంఖ్యలో పిల్లలు వాడే గదిలో దాచే రంగు వేస్తే, తనిఖీ నాడు అది శుభ్రంగా కనిపిస్తుంది. తక్కిన దినాలలో శుభ్రంగా వున్నదా లేదా అన్నది ముక్కుకే తెలియాలి. చూపు మందగించిన పిల్లలు ప్రతి బడిలోనూ వుంటారు. తడి నేలపై పరుగెత్తే పిల్లలు అంతకంటె ఎక్కువగా వుంటారు. బడి మరుగుదొడ్డికి పలక ఎన్నుకొనే వేళ ప్రధానోపాధ్యాయులు పట్టుబట్టదగిన విషయం ఇది.

అంతేకాదు, ఇది తరగతిలో చెప్పదగిన పాఠం కూడా. పగిలిన పలక ముక్కలు ఏ మేస్త్రి నడిగినా ఇస్తాడు. లేతవీ ముదురువీ జతలుగా పేర్చి, కిటికీలు మూసి, గ్లాసెడు నీళ్లు పోసి, ఎంత దూరం నుంచి అంచు కనిపిస్తున్నదో పిల్లల చేత కొలిపించవచ్చును. అవే ముక్కలను ఇంటికి పంపి, తాతలకూ అవ్వలకూ ఎంత దూరం నుంచి కనిపించినదో రాసుకొని రమ్మనవచ్చును. రెండు కొలతలూ పక్కపక్కన పెట్టిన నాడు, ముసలివారు నెమ్మదిగా ఎందుకు నడుస్తారో ఆ పిల్లలకు తెలిసివస్తుంది. భౌతికశాస్త్రంలో దృష్టి పాఠం ఇంతకంటె బాగా చెప్పడం కష్టం.

పలకల బేరం ముగించుకొని ఆ కుటుంబం బెంజ్ సర్కిల్ దాటుతుంది. అక్కడ నల్లని తారు మీద తెల్లని పట్టెలు. 1951లో ఇంగ్లండులో పాదచారుల కోసం అధికారికంగా మొదలయిన ఈ నలుపు-తెలుపు చారల ఏర్పాటు లోకమంతా పాకింది. దారి మధ్యనున్న దిమ్మె అంచున నలుపూ పసుపూ మార్చి మార్చి వేసిన రంగు. రోడ్డు నలుపుకు ఆ చారలు నప్పుతాయా, చూడముచ్చటగా వున్నవా అని అక్కడ ఎవరూ అడుగరు. రాత్రివేళ, వానలో, ముక్కూమొగం ఎరుగని లారీ నడిపేవానికి అంచు కనిపించాలి. కనిపించకపోతే ప్రాణం పోతుంది. ఆ సత్యాన్ని ప్రభుత్వం ఎరిగి, పరాయివాని కోసం రోడ్డు పొడుగునా గీత గీయించింది.

ఇంట్లో తల్లి రోజూ తెల్లవారుజామున గోడ తడుముకొంటూ ఆరడుగుల దారి నడుస్తున్నది. ఆమె కోసం గీయవలసినది ఒక్క గీత.